మాటను అంకెల్లో పట్టిన బుల్లి కంప్యూటర్లు

మూడున్నర సెకన్ల గొంతు దాచడానికే 1980ల నాటి ఇంటి కంప్యూటర్ మెమరీ మొత్తం అయిపోయేది. ఆ ఇరుకులో పుట్టిన పాఠాలు అండమాన్ ఇళ్లలోని పాత క్యాసెట్లకు ఇప్పుడు పనికొస్తాయి.

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ ఊళ్లో డైరీ ఫార్మ్ ఒక నివాస ప్రాంతం. అక్కడి నుంచి ఒక తమ్ముడు విశాఖపట్నంలోని అక్కకు ఫోన్ చేసి, "అక్కా, ఎలా ఉన్నావు?" అని అడిగాడనుకుందాం. మధ్యలో ఉన్నది సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడ ఎక్కితే రెండు మూడు రోజుల ప్రయాణం. మాట మాత్రం రెప్పపాటులో చేరిపోతుంది. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు. అందులో ప్రయాణించేది గొంతు కాదు, కాంతి రూపంలో ఉన్న అంకెల వరుస.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాలతో వారిలో చాలామందికి బంధుత్వాలున్నాయి. అందుకే దూరాన ఉన్నవారి గొంతు వినడం, విన్నదాన్ని దాచుకోవడం ఇక్కడ ప్రతి కుటుంబానికీ దగ్గరి విషయం. గొంతును అంకెలుగా మార్చే ఈ ప్రక్రియ పేరు శాంప్లింగ్. నేడు ఫోన్‌లో మన కంటికి కనిపించకుండా జరిగిపోయే ఈ పనిని, 40 ఏళ్ల కిందట ఇంటి కంప్యూటర్లతో ఔత్సాహికులు మెట్టు మెట్టుగా, చేత్తో చేసేవారు. ఆ కథ తెలిస్తే ఫోన్ లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. బీరువాలో పడి ఉన్న పాత క్యాసెట్‌ను ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది.

ఎన్నిసార్లు, ఎంత సన్నగా?

మాట్లాడినప్పుడు గాలి పీడనం క్షణక్షణం మారుతుంది. మైక్రోఫోన్ ఆ మార్పును విద్యుత్ వోల్టేజిగా మారుస్తుంది. ఆ వోల్టేజి ఎడతెగని అల. కంప్యూటర్‌కు అలలు తెలియవు, అంకెలే తెలుసు. కాబట్టి అలను నిర్ణీత వ్యవధిలో కొలుస్తూ పోవాలి. ఒక్కో కొలత ఒక్కో శాంపిల్, అంటే నమూనా.

ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి? ఒక్కో కొలతను ఎంత సన్నగా కొలవాలి?

మొదటి ప్రశ్నకు జవాబు 20వ శతాబ్దపు తొలి సగంలో దొరికింది. హ్యారీ నైక్విస్ట్ 1928లో, వ్లదిమీర్ కొటెల్నికోవ్ 1933లో, క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పరిశోధనల సారాంశం ఇది: ధ్వనిలోని గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే ఆ అలను తిరిగి యథాతథంగా నిర్మించవచ్చు. మాట అర్థం కావడానికి 3,400 హెర్ట్జ్ వరకు ఉంటే చాలని టెలిఫోన్ ఇంజినీర్లు నిర్ణయించారు. అందుకే డిజిటల్ టెలిఫోన్‌కు సెకనుకు 8,000 నమూనాలు ప్రమాణమయ్యాయి. తమ్ముడు ఒక్క సెకను మాట్లాడితే 8,000 అంకెలు. ఇప్పటి వోల్టే కాల్స్‌లో అది సాధారణంగా 16,000.

తక్కువసార్లు కొలిస్తే ధ్వని మందగించడంతో సరిపోదు, అబద్ధపు ధ్వని కూడా పుడుతుంది. సినిమాల్లో వేగంగా తిరిగే బండి చక్రం ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అలాంటిదే. సెకనుకు 8,000 సార్లు కొలిచే యంత్రానికి 5,000 హెర్ట్జ్ ధ్వని ఇస్తే, అది 3,000 హెర్ట్జ్ ధ్వనిలా నమోదవుతుంది. దీన్ని ఏలియాసింగ్ అంటారు. ఒకసారి ఇలా కలిసిపోయాక ఏది అసలో ఏది నకిలీయో విడదీయలేం. తెలుగులో 'స' పలికేటప్పుడు వెలువడే గాలి రాపిడిలో 4,000 హెర్ట్జ్ దాటిన భాగం చాలా ఉంటుంది. కొలవడానికి ముందే ఫిల్టర్ పెట్టి ఆ భాగాన్ని తీసేయకపోతే 'సరస్సు' అన్న మాట బుసలు కొడుతుంది. తీసేస్తే, ఫోన్‌లో వినబడినట్టు 'స' పలచబడుతుంది. రెండిట్లో ఏదో ఒక నష్టం తప్పదు.

రెండో ప్రశ్న బిట్లకు సంబంధించింది. ఒక్కో కొలతకు 8 బిట్లు కేటాయిస్తే 256 మెట్లు వస్తాయి, 4 బిట్లు అయితే 16 మెట్లే. అల రెండు మెట్ల మధ్య ఉన్నప్పుడు దగ్గరి మెట్టుకు సర్దాలి. ఆ సర్దుబాటు తేడాయే బరబరమనే రొదగా వినిపిస్తుంది. ఒక్కో బిట్టు పెరిగినప్పుడల్లా ధ్వనికీ రొదకూ మధ్య దూరం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. లెక్క ప్రకారం 4 బిట్లకు 26 డెసిబెల్స్, 8 బిట్లకు 50, సీడీలో వాడే 16 బిట్లకు 98.

బడికి వచ్చిన కంప్యూటర్

భారతీయ విద్యార్థులు చాలామంది తొలిసారి చూసిన కంప్యూటర్ బీబీసీ మైక్రో. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏకార్న్ సంస్థ దీన్ని 1981 చివర్లో విడుదల చేసింది. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత పథకం ప్రారంభించి, మొదట సుమారు 250 బడులకు ఈ యంత్రాలనే పంపింది. మొహాలీలోని ప్రభుత్వ రంగ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ ఏకార్న్ లైసెన్సుతో ఇక్కడా వాటిని తయారు చేసింది.

ఇప్పటి కొలతల్లో చూస్తే అది చాలా చిన్న యంత్రం. 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్, 32 కిలోబైట్ల మెమరీ. కానీ దాని వెనక భాగంలో ఉన్న సాకెట్లు అప్పటి ఇంటి కంప్యూటర్లలో అరుదైనవి. వాటిలో ఒకటి అనలాగ్ పోర్టు. నాలుగు వోల్టేజిలను కొలిచి అంకెలుగా చూపే చిప్పు దానికి అనుసంధానమై ఉండేది. బడి ప్రయోగశాలలో ఉష్ణోగ్రత, వెలుతురు కొలవడానికి, ఇంట్లో జాయ్‌స్టిక్‌తో ఆటలాడటానికి అది ఉద్దేశించింది.

మైక్రోఫోన్‌ను దానికే తగిలించి గొంతు రికార్డు చేయవచ్చా? కుదరదు. ఆ చిప్పు ఒక్క కొలత పూర్తి చేయడానికి సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంటే సెకనుకు 100 కొలతలు. మాటకు కావలసింది 8,000. వేడినీళ్లు చల్లారడాన్ని గమనించడానికి సరిపోయే వేగం, గొంతు విషయంలో 80 రెట్లు తక్కువ.

అందుకే ఔత్సాహికులు వేరే చిప్పు వాడారు. ఫెరాంటి సంస్థ తయారు చేసిన జెడ్‌ఎన్ 448 వంటి 8 బిట్ల కన్వర్టర్లు ఒక కొలతను 9 మైక్రోసెకన్లలో ముగించేవి. ఇవి పనిచేసే తీరు కిరాణా కొట్టులో తక్కెడ తూకం లాంటిది. తూచాల్సిన వస్తువు ఒక పళ్లెంలో ఉంది. రెండో పళ్లెంలో ముందు 128 గ్రాముల రాయి వేస్తారు. బరువు ఎక్కువైతే తీసేస్తారు, చాలకపోతే ఉంచేస్తారు. తర్వాత 64, 32, 16, 8, 4, 2, 1. ఎనిమిది రాళ్లు వేసి చూసేసరికి బరువు తేలిపోతుంది. ఉంచిన రాయి 1, తీసేసిన రాయి 0. ఆ ఎనిమిది అంకెలే ఒక బైట్. చిప్పు ఇచ్చిన ఆ బైట్‌ను బీబీసీ మైక్రోలోని యూజర్ పోర్టు ద్వారా కంప్యూటర్ చదువుకునేది.

సాఫ్ట్‌వేర్ వైపు పని ఇంకా కఠినం. సెకనుకు 20 లక్షల గడియార తడులు, 8,000 నమూనాలు. భాగిస్తే ఒక్కో నమూనాకు 250 తడులు. 6502లో ఒక ఆదేశానికి 2 నుంచి 7 తడులు పడతాయి. ఆ కొద్ది ఆదేశాల్లోనే పోర్టు చదవాలి, మెమరీలో రాయాలి, చిరునామా ఒకటి పెంచాలి, మిగిలిన సమయం సరిగ్గా లెక్కపెట్టి వేచి ఉండాలి. బేసిక్ భాషలో రాస్తే ఆ వేగం అందదు. మెషీన్ కోడ్ తప్పనిసరి. పైగా కంప్యూటర్ తన మామూలు అలవాటు ప్రకారం సెకనుకు 100 సార్లు పని ఆపి కీబోర్డునూ గడియారాన్నీ చూసుకొని వస్తుంది. రికార్డింగ్ మధ్యలో అలా వెళ్లొస్తే నమూనాల మధ్య వ్యవధి ఎగుడుదిగుడవుతుంది, గొంతు వణుకుతుంది. అందుకని ప్రోగ్రామర్లు ఆ అలవాటును తాత్కాలికంగా ఆపేసేవారు. గొంతు రికార్డవుతున్నంతసేపు కంప్యూటర్ లోపలి గడియారం కూడా ఆగిపోయేది.

ఇంత చేసి దాచగలిగేది ఎంత? తక్కువ మెమరీ తీసుకునే అక్షరాల తెర ఎంచుకొని, సిస్టమ్ అవసరాలు పోగా క్యాసెట్ యంత్రంలో మిగిలేది 28,160 బైట్లు. 8,000తో భాగిస్తే మూడున్నర సెకన్లు. "అక్కా, ఎలా ఉన్నావు? పిల్లలు బాగున్నారా?" అనేసరికి మెమరీ నిండిపోతుంది.

దాన్ని భద్రపరచడం మరో ముచ్చట. బీబీసీ మైక్రో తన సమాచారాన్ని మామూలు ఆడియో క్యాసెట్ మీద, సెకనుకు 1,200 బిట్ల వేగంతో, రెండు రకాల కీచు శబ్దాలుగా రాసేది. సున్నాకు 1,200 హెర్ట్జ్, ఒకటికి 2,400 హెర్ట్జ్. ఒక్కో బైట్‌కు ఆరంభ, ముగింపు గుర్తులతో కలిపి 10 బిట్లు. ఆ లెక్కన 28,160 బైట్లు రాయడానికి దాదాపు 4 నిమిషాలు. నేరుగా టేప్‌రికార్డర్‌లో మాట్లాడితే మూడున్నర సెకన్ల టేపు సరిపోయేది. అదే మాట అంకెలుగా మారి అదే టేపు మీదకు చేరడానికి 4 నిమిషాల టేపు ఖర్చయ్యేది. అయినా దీనికి ఒక లాభం ఉంది. అంకెలుగా మారిన మాటను ఎన్నిసార్లు నకలు తీసినా అరగదు. వెనక నుంచి ముందుకు వినొచ్చు, ముక్కలు కోసి అతకొచ్చు, అల ఆకారాన్ని తెర మీద గీసి చూడొచ్చు. ప్రయోగశాలలో మాత్రమే కుదిరే పని బడి బల్ల మీదకు వచ్చింది.

వినిపించడానికి దొంగదారులు

రికార్డు చేయడం సగం పనే. అంకెలను తిరిగి ధ్వనిగా మార్చాలి. అప్పటి ఇంటి కంప్యూటర్లలోని సౌండ్ చిప్పులు రాగాలు పలికించడానికి తయారైనవి. వాటికి నమూనాలు వినిపించే మార్గమే లేదు. ప్రోగ్రామర్లు దొంగదారులు వెతికారు.

బీబీసీ మైక్రోలోని ఎస్‌ఎన్ 76489 చిప్పులో మూడు స్వరాలు, ఒక రొద ఉండేవి. ఒక స్వరాన్ని చెవికి అందని 1,25,000 హెర్ట్జ్‌కు పెట్టేసి, దాని వాల్యూమ్‌ను సెకనుకు వేలసార్లు మారిస్తే ఆ మార్పే మాటగా వినిపిస్తుంది. చిక్కు ఏమిటంటే వాల్యూమ్‌కు 16 మెట్లే ఉన్నాయి, అవీ సమానమైనవి కావు. ఒక్కో మెట్టుకు 2 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే పై మెట్టు 100 ఎత్తులో ఉంటే తర్వాతవి 79, 63, 50, 40 అలా దిగుతాయి. పైన మెట్ల మధ్య పెద్ద ఖాళీలు, కింద ఇరుకు. అందుకని ప్రతి నమూనానూ ఏ మెట్టుకు సర్దాలో ముందే ఒక పట్టిక తయారుచేసి పెట్టుకునేవారు.

1982లో వచ్చిన కమోడోర్ 64లో కథ ఇంకా వింతగా నడిచింది. బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ చిప్పు తొలి రూపం 6581లో ఒక చిన్న లోపం ఉంది. వాల్యూమ్ మార్చినప్పుడల్లా 'టక్' మని శబ్దం వచ్చేది. ఆ టక్కులనే వరుసగా పేర్చి ప్రోగ్రామర్లు 4 బిట్ల మాటలు, డప్పు దెబ్బలు వినిపించారు. తర్వాత వచ్చిన 8580 చిప్పులో ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. ఫలితంగా పాత ఆటల్లోని మాటలు కొత్త యంత్రాల్లో లీలగా మాత్రమే వినిపించాయి. పాత కంప్యూటర్లను నేటి కంప్యూటర్‌లో అనుకరించేవారు ఆ లోపాన్ని కూడా అనుకరించక తప్పదు.

అన్నిటికన్నా పేద యంత్రం జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ దీన్ని లైసెన్సుతో అమ్మింది. మొదటి స్పెక్ట్రమ్‌లో స్పీకర్‌కు రెండే స్థితులు, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. క్యాసెట్ సాకెట్ నుంచి లోపలికి వచ్చేదీ ఒక్క బిట్టే. అయినా దానిలో రికార్డు చేసిన మాట అర్థమయ్యేది! దీనికి వివరణ 1948లోనే ఉంది. అల ఎత్తుపల్లాలన్నీ చెరిపేసి, అది సున్నా గీతను ఎప్పుడు దాటిందన్న సంగతి మాత్రమే మిగిల్చినా మాట అర్థమవుతుందని లిక్‌లైడర్, పొలాక్ ప్రయోగాల్లో తేలింది. గొంతు ఎవరిదో పోల్చుకోవడం కష్టం కావచ్చు, మాట మాత్రం మిగులుతుంది.

ఇంటిలోనే టంకం పెట్టి చేసుకోదగిన పరికరం మరొకటి ఉంది. పర్సనల్ కంప్యూటర్ ప్రింటర్ పోర్టులోని ఎనిమిది తీగలకు రెండు విలువల రెసిస్టర్లు నిచ్చెనలా అమరిస్తే చాలు. ఒకటి రెండోదానికి రెట్టింపు ఉండాలి. ఒక్కో తీగ ముందుదానిలో సగం ప్రభావం చూపుతుంది, తక్కెడ రాళ్లలాగే. ఎనిమిది తీగల అంకె ఒక వోల్టేజిగా మారుతుంది. 1980ల ద్వితీయార్ధంలో కోవాక్స్ సంస్థ ఈ సూత్రంతోనే 'స్పీచ్ థింగ్' అనే చిన్న పరికరం అమ్మింది. సౌండ్ కార్డులు కొనలేని విద్యార్థులు దాన్ని చూసి సొంతంగా చేసుకున్నారు.

ఒక్క షడ్జమం నుంచి పాట

మాటతో పాటు సంగీతం కూడా శాంప్లింగ్ దారి పట్టింది. ఆస్ట్రేలియాలో 1979లో తయారైన ఫెయిర్‌లైట్ సీఎమ్‌ఐ ఏ ధ్వనినైనా రికార్డు చేసి పియానో మెట్ల మీద వాయించనిచ్చేది. దాని ధర పెద్ద స్టూడియోలకు మాత్రమే అందేది. 1985లో వచ్చిన కమోడోర్ అమీగా ఆ పనిని ఇంటికి తెచ్చింది. దానిలోని 'పౌలా' చిప్పు నాలుగు 8 బిట్ల నమూనాలను, ప్రాసెసర్‌తో పని లేకుండా, నేరుగా మెమరీ నుంచి తీసుకొని వినిపించేది. వెనక పోర్టుకు తగిలించే చిన్న శాంప్లర్ పెట్టె ఉంటే ఇంట్లో గిన్నె మోత కూడా వాద్యమైపోయేది.

మెమరీ ఇక్కడా ఇరుకే కాబట్టి పాటంతా రికార్డు చేయలేం. 1987లో జర్మనీకి చెందిన కార్స్‌టెన్ ఒబార్‌స్కీ రాసిన 'అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్' సాఫ్ట్‌వేర్ దీనికి మార్గం చూపింది. వాద్యం నుంచి ఒక్క స్వరం మాత్రమే రికార్డు చేసి, దాన్ని వేర్వేరు వేగాల్లో వినిపించాలి. వీణ మీద షడ్జమం రికార్డు చేశామనుకోండి. ఒకటిన్నర రెట్లు వేగంగా నడిపితే పంచమం, రెండు రెట్లు నడిపితే తార షడ్జమం. వేగం పెరిగితే స్వరం నిడివి తగ్గుతుంది, వాద్యం గుణం కూడా కొంత మారుతుంది. క్యాసెట్ వేగంగా తిరిగితే గొంతు సన్నగా పిల్లల గొంతులా వినిపించినట్టే. గమకం మాత్రం ఇలా రాదు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే ఆ కదలిక నమూనాలో లేదు కదా!

మాటను ఊహించే లెక్క

మెమరీ ఇరుకుకు మరో పరిష్కారాన్ని భారతీయ శాస్త్రవేత్త ఒకరు చూపించారు. 1933లో కాన్పూర్‌లో పుట్టి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివిన బిష్ణు అటల్ అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పనిచేశారు. మాట అలలో ప్రతి కొత్త నమూనా అంతకుముందు వాటి మీద చాలావరకు ఆధారపడుతుందని, గొంతుక, నోరు, నాలుక ఆకారం అంత తొందరగా మారకపోవడమే దీనికి కారణమని ఆయన ఉపయోగించుకున్నారు. ముందు నమూనాల నుంచి తర్వాతి నమూనాను లెక్కతో ఊహించి, నోటి ఆకారాన్ని సూచించే కొన్ని అంకెలను మాత్రమే దాస్తే సరిపోతుంది. జపాన్‌లో ఇటాకురా, సైతో కూడా అదే కాలంలో స్వతంత్రంగా ఈ దారి పట్టారు. దీని పేరు లీనియర్ ప్రెడిక్టివ్ కోడింగ్.

1978లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన 'స్పీక్ అండ్ స్పెల్' అనే ఆటబొమ్మ ఈ పద్ధతితోనే పిల్లలకు స్పెల్లింగులు చెప్పింది. బీబీసీ మైక్రోకు విడిగా అమ్మిన మాటల చిప్పు కూడా ఆ కుటుంబానిదే. అందులోని గొంతు బీబీసీ వార్తలు చదివిన కెనెత్ కెండల్‌ది. టెలిఫోన్ నమూనాలకు సెకనుకు 64,000 బిట్లు కావాలి. ఈ పద్ధతికి 1,000కి అటూ ఇటూ సరిపోయేవి. సెకనుకు 1,200 బిట్లు అనుకున్నా, మూడున్నర సెకన్ల నమూనాలతో నిండిపోయే ఆ మెమరీలో మూడు నిమిషాలకు పైగా మాట పడుతుంది. 1985లో అటల్, మన్‌ఫ్రెడ్ ష్రోడర్ కలిసి దీన్ని మరింత మెరుగుపరిచారు. డైరీ ఫార్మ్ నుంచి చేసే మొబైల్ కాల్‌లో గొంతును కుదించే లెక్క ఆ మెరుగుపరచిన పద్ధతి సంతతే.

మాటను వినిపించడం కాకుండా అర్థం చేసుకోవడంలో తొలి అడుగులు వేసిన తెలుగువాడు రాజ్ రెడ్డి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్ నుంచి డాక్టరేట్ పొందారు. మాట అలను నేరుగా విశ్లేషించి కంప్యూటర్‌తో గుర్తింపజేయడం ఆయన పరిశోధన. అల ఎంత బలంగా ఉంది, సున్నా గీతను ఎన్నిసార్లు దాటింది అన్న సాదా కొలతల నుంచి అక్షర ధ్వనులను విడదీయడం అందులో భాగం. ఒక్క బిట్టు స్పెక్ట్రమ్‌లో మాట అర్థం కావడానికి కారణమైన సున్నా గీతే ఇక్కడా పనికొచ్చింది. 1994లో ఆయన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు.

మిగిలిన గొంతు

ఇరుకు మెమరీ ఒక సంగతి నేర్పింది. శాంప్లింగ్ అంటే ఏది దాచాలో, ఏది వదిలేయాలో ముందే నిర్ణయించుకోవడం. వదిలేసినది తిరిగి రాదు. ఆ నిర్ణయం ఎంత బరువైనదో అండమాన్‌లోనే కనిపిస్తుంది.

జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి 2000ల మధ్యలో పోర్ట్ బ్లెయిర్‌లోనూ స్ట్రెయిట్ దీవిలోనూ గ్రేట్ అండమానీయుల మాటలను, పాటలను, కథలను రికార్డు చేశారు. వారిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు 'బో' భాషను ధారాళంగా మాట్లాడగలిగిన చివరి వ్యక్తి. 2010 జనవరి 26న ఆమె మరణించారు. అప్పటికి ఆమె వయసు సుమారు 85 ఏళ్లు. ఆమెతో ఆ భాషలో సంభాషించగలిగినవారు అప్పటికే ఎవరూ లేరు.

ఇప్పుడు బో భాష ధ్వనులు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే రికార్డింగులే దిక్కు. అవి టెలిఫోన్ ప్రమాణంలో, 3,400 హెర్ట్జ్ దగ్గర కోసేసి ఉంటే, ఊపిరి రాపిడితో పలికే ధ్వనుల మధ్య తేడాలు చాలావరకు పోయేవి. మరోసారి అడిగి పలికించుకోవడానికి మనిషి లేరు. అందుకే ధ్వని భాండాగారాలు అవసరానికి మించి దాస్తాయి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం మార్గదర్శకాల ప్రకారం పాత అనలాగ్ రికార్డులను డిజిటల్‌గా మార్చేటప్పుడు కనీసం సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కోటి 24 బిట్లు ఉండాలి. రేపు ఎవరు, ఏ ప్రశ్నతో వింటారో నేడు తెలియదు కాబట్టి ఈ జాగ్రత్త.

బీరువాలోని క్యాసెట్

భాషకు వర్తించేది ఇంటికీ వర్తిస్తుంది. నాన్నమ్మ పాడిన లాలిపాట, పెళ్లిలో బంధువుల కబుర్లు, ఊరి నుంచి వచ్చిన టేపు ఉత్తరం. ఇలాంటివి క్యాసెట్లలోనే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. గాలిలో తేమ దాదాపు ఏడాదంతా ఎక్కువే. టేపుకు అది శత్రువు. టేపు అంటే సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన అయస్కాంత పొడి. తేమతో కొన్ని రకాల జిగుర్లు రసాయనికంగా విడిపోయి జిడ్డుగా మారతాయి. బూజు కూడా పడుతుంది. అయస్కాంత పొడి రాలిపోతే దానితోపాటే గొంతూ పోతుంది.

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం 1985లో బీబీసీ మైక్రోతో చేసిన పనే. ఇప్పుడు వేగం, మెమరీ అనే అడ్డంకులు లేవు. పాటించాల్సినవి కొన్నే.

ముందుగా క్యాసెట్‌ను వెలుతురులో చూడాలి. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకూడదు. బూజు ప్లేయర్‌కు, దాని నుంచి మిగతా క్యాసెట్లకు అంటుకుంటుంది. పైగా ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అలాంటివాటిని విడిగా సంచిలో పెట్టి నిపుణులకు అప్పగించడం మేలు. బాగున్న క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్లీ వెనక్కి చుడితే అతుక్కున్న పొరలు విడిపోతాయి. ప్లేయర్‌లో టేపు తాకే భాగాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆరాకే వాడాలి.

ప్లేయర్ స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేస్తే గదిలోని ఫ్యాను, వీధిలోని ఆటో కూడా అందులో చేరతాయి. ప్లేయర్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు, లేదా యూఎస్‌బీ సౌండ్ పరికరానికి తీగతో కలపాలి. సాఫ్ట్‌వేర్‌లో 48,000 హెర్ట్జ్, 24 బిట్లు ఎంచుకోవాలి. ధ్వని సూచిక ఎరుపులోకి వెళ్లకుండా స్థాయి తగ్గించుకోవాలి. ఎరుపు దాటితే అల తల తెగుతుంది, తెగింది అతకదు. 24 బిట్లలో రొద చాలా కిందే ఉంటుంది కాబట్టి కాస్త తక్కువ స్థాయిలో రికార్డు చేసినా నష్టం లేదు.

అసలు ప్రతిని వేవ్ ఫైలుగానే దాచాలి. ఎంపీ3 తయారయ్యేటప్పుడు చెవికి వినబడదని లెక్కతో నిర్ణయించిన భాగాలు పోతాయి. బంధువులకు పంపడానికి అది చాలు, భద్రపరచడానికి చాలదు. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్లను నకలు మీదే వాడాలి. ఈ రొదను ఇప్పటికన్నా బాగా తీసే పద్ధతులు పదేళ్ల తర్వాత రావచ్చు. వాటికి అసలు ప్రతి అవసరం. ఈ ప్రమాణంలో గంట నిడివి స్టీరియో రికార్డింగు ఒక గిగాబైట్‌కు కాస్త ఎక్కువ అవుతుంది. ఒకే గొంతున్న మోనో అయితే అందులో సగం. దాన్ని కనీసం రెండు వేర్వేరు పరికరాల్లో, ఇంకో ప్రతిని వేరే ఊళ్లో ఉంచితే మంచిది. తీరప్రాంతాల వారికి ఈ సలహా ఎందుకో 2004 డిసెంబరు 26 నాటి సునామీని చూసినవారికి వివరించనక్కర్లేదు.

చివరిగా, ఫైలు పేరులోనే ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ ఏడాది అన్నవి రాయాలి. క్యాసెట్ అట్ట మీద పెన్సిలుతో రాసిన మాటలను ఫొటో తీసి పక్కనే పెట్టాలి. ధ్వని ఎంత స్పష్టంగా ఉన్నా, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే ఆ వివరం దొరుకుతుంది.

మూడున్నర సెకన్ల కోసం ఒకప్పుడు ప్రోగ్రామర్లు ఒక్కో గడియార తడినీ లెక్కపెట్టుకున్నారు. ఇప్పుడు 64 గిగాబైట్ల చిన్న కార్డులో అరవై గంటల దాకా గొంతు, ఏ రాజీ లేకుండా పడుతుంది. తక్కువగా ఉన్నది టేపు ఆయుష్షు మాత్రమే. వచ్చే వానాకాలం లోపు బీరువా తెరిచి ఒక్క క్యాసెట్‌తో మొదలుపెట్టినా చాలు.